లెక్క కుదిరింది, తల్లులు పోయారు

జల్‌పల్లిలో ఆడవాళ్లం ఆరోగ్యం గురించి మాట్లాడుకోడానికి కూర్చున్నప్పుడు ఇద్దరు పిల్లల తల్లి ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, పక్కనున్న మరొకామె ఇబ్రహీంపట్నం పేరు చెబుతుంది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు. మన రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలోకెల్లా ముందుందని ఏటా లెక్కలు చెబుతుంటారు. విమానాశ్రయం మన జిల్లాలోనే ఉంది. ఐ.టి. కంపెనీలున్నాయి, కోట్లు పలికే భూములున్నాయి. ఆ జిల్లాలోనే ఒక ప్రభుత్వాస్పత్రిలో, ఆరోగ్యంగా నడిచివచ్చిన నలుగురు తల్లులు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని వారం తిరక్కుండా చనిపోయారు.

వాళ్లకు జబ్బేమీ లేదు. రోగం ముదిరి వచ్చినవాళ్లు కారు. ఇద్దరో ముగ్గురో పిల్లల్ని కని, ఇక చాలనుకుని, ప్రభుత్వం ముప్పొద్దులా చెప్పిన మాట విని వచ్చినవాళ్లు. ప్రభుత్వం మాట విన్నందుకు ప్రాణం పోగొట్టుకున్న పౌరులు ఇంతకంటే ఎవరుంటారు?

ఆ రోజు జరిగింది

2022 ఆగస్టు 25. ఇబ్రహీంపట్నం కమ్యూనిటీ హెల్త్ సెంటర్. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన 34 మంది స్త్రీలకు ఆ ఒక్కరోజే డి.పి.ఎల్. పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. డి.పి.ఎల్. అంటే పొట్ట మీద రెండు చిన్న గాట్లు పెట్టి, లోపలికి లాపరోస్కోపు గొట్టం పంపి, గర్భనాళాలను మూసివేయడం. కుట్లు తక్కువ, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు అని చెప్పే పద్ధతి ఇదే. చెప్పినట్టే ఇంటికి పంపించారు. ఇంటికి వెళ్లాక కొందరికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆగస్టు 28 నుంచి 30 లోపల నలుగురు చనిపోయారు. అప్పుడు గాని మిగతా ముప్పై మందిని వెతికి పరీక్షించాలన్న తెలివి రాలేదు. లక్షణాలున్నవాళ్లను నిమ్స్‌కూ అపోలోకూ తరలించారు.

తర్వాత జరిగింది మనకు కొత్త కాదు. డైరెక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఆధ్వర్యంలో విచారణ వేశారు. ఆస్పత్రి సూపరింటెండెంటును సస్పెండ్ చేశారు. ఆపరేషన్ చేసిన డాక్టరు లైసెన్సును తాత్కాలికంగా ఆపారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లలకు గురుకులాల్లో చదువు అని ప్రకటించారు. విచారణలో ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తల్లో లోపాలున్నాయని తేలింది. సెప్టెంబరులో జిల్లా వైద్యాధికారుల దాకా మొత్తం 13 మంది మీద చర్య అన్నారు. సస్పెన్షన్లు, బదిలీలు.

ఇక్కడితో ఫైలు మూసుకుంటుంది. మన ప్రశ్నలు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఒక గొట్టం, ఇరవై నిమిషాలు

వైద్యశాస్త్రం మనకు అర్థం కాదని మనల్ని పక్కన పెట్టడం డాక్టర్లకూ అధికారులకూ అలవాటు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఇల్లు నడిపే ఏ ఆడదైనా వెయ్యగలిగిన లెక్క.

లాపరోస్కోపును ఒక మనిషి కడుపులోంచి తీశాక ఇంకో మనిషి కడుపులో పెట్టే ముందు శుభ్రం చేసి, క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. తీసి, శుద్ధి చేసిన నీళ్లతో కడగాలి. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఒక్కో గొట్టంతో రోజుకు పది ఆపరేషన్లకు మించరాదు. మూడు గొట్టాలున్నా సరే, ఒక బృందం రోజుకు 30కి మించి చెయ్యకూడదు.

ఇప్పుడు లెక్క వేయండి. 34 ఆపరేషన్లకు మధ్యలో 33 విరామాలు. ఒకే గొట్టం ఉంటే, నానబెట్టడానికే 660 నిమిషాలు, అంటే పదకొండు గంటలు పడుతుంది. రెండు గొట్టాలుంటే దాదాపు అయిదున్నర గంటలు. మూడుంటే నాలుగు గంటలకు కాస్త తక్కువ. ఇందులో ఆపరేషన్ చేసే సమయం కలపలేదు, మత్తిచ్చే సమయం కలపలేదు, చేతులు కడుక్కుని తొడుగులు మార్చుకునే సమయం కలపలేదు. కాబట్టి ఆ రోజు ఎన్ని గొట్టాలున్నాయి, మొదటి ఆపరేషన్ ఎన్నింటికి మొదలైంది, చివరిది ఎన్నింటికి ముగిసింది? ఈ మూడు సంగతులు చెబితే ఏ తప్పు ఎక్కడ జరిగిందో పదో తరగతి పిల్లకు కూడా తెలుస్తుంది. ఎన్ని గొట్టాలున్నా 34 అనే అంకె మాత్రం నియమాన్ని దాటిన అంకె. తప్పు జరగబోతోందని మొదటి ఆమెను బల్ల మీద పడుకోబెట్టక ముందే, పేర్లు రాసిన రిజిస్టరులోనే తెలుస్తోంది.

ఆ రిజిస్టరు ఎంతమంది కళ్ల ముందు నుంచి వెళ్లింది? నలుగురిని వెనక్కి పంపి ‘ఈ రోజు ఇంతే, వచ్చే వారం రండి’ అని చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?

‘కేసు’ అనే మాట వెనకాల

అడ్డొచ్చింది ఒక మాట. ‘కేసు.’ మన ఏ.ఎన్.ఎం.లు, ఆశాలు అందరూ వాడే మాటే. ఈ నెల ఎన్ని కేసులు తెచ్చావు? నీ సబ్‌సెంటరు నుంచి కేసులెందుకు తగ్గాయి? మనిషి కేసయ్యాక కేసుల్ని కూడటం, తీసివేయటం తేలిక. ఈ మాట పై నుంచి కిందికి వచ్చింది. కింద పనిచేసే ఆడవాళ్ల తప్పు కాదిది. ఇరవయ్యేళ్లుగా ఆశాకు ప్రభుత్వోద్యోగి హోదా ఇవ్వకుండా, పనికింత అని పారితోషికం లెక్కగట్టి, ఆమె కడుపుకూ ఇంకో ఆడదాని కడుపు కోతకూ ముడిపెట్టింది ప్రభుత్వం. 2007లో సవరించిన రేట్ల ప్రకారం ట్యూబెక్టమీకి ఒప్పించి తెచ్చిన మనిషికి 150 రూపాయలు, చేసిన సర్జనుకు 75 రూపాయలు, చేయించుకున్న పేద స్త్రీకి 600 రూపాయలు. ఏ మొత్తమూ పెద్దది కాదు. ఈ డబ్బు కోసమే జనం ప్రాణాలు తీశారని నేననను. కాని ప్రతి ఒక్కరికీ తలకింత అని కట్టిన ఏర్పాటు జాగ్రత్తకు పైసా ఇవ్వదు, అంకెకు మాత్రం డబ్బిస్తుంది. నలుగురిని వెనక్కి పంపిన డాక్టరుకు ఈ ఏర్పాటులో దక్కేదేమీ లేదు. పై నుంచి మాట మాత్రం పడుతుంది.

టార్గెట్లు లేవు కదా అంటారు. 1996 ఏప్రిల్లో కేంద్రం లక్ష్యరహిత విధానం ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు కైరోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో, జనాభా లెక్కల కోసం స్త్రీల శరీరాలను వాడుకోబోమని, స్త్రీల ఆరోగ్యమూ నిర్ణయాధికారమూ ముఖ్యమని మన ప్రభుత్వమూ ఒప్పుకుంది. ఒప్పుకుని ఇంటికొచ్చి చేసిందేమిటి? టార్గెట్ అన్న మాట తీసేసి ‘ఆశించిన సాధన స్థాయి’ అని రాసుకుంది. పేరు మార్చిన కల్లుకు మత్తు తగ్గుతుందా? కాగితం మీద టార్గెట్లు లేకుండా చేసి, సమీక్షా సమావేశాల్లో నోటిమాటగా నడిపించడం ఒక మోసం. ఆ మోసం కనబడదు కాబట్టి దానికి ఎవరూ శిక్ష పడి సస్పెండ్ కారు.

ముందే చెప్పిన చావులు

ఇబ్రహీంపట్నం అనుకోకుండా జరిగిన ప్రమాదం అనేవాళ్లకు మూడు తేదీలు గుర్తు చేయాలి.

2012 జనవరి. బీహార్‌లోని అరారియా జిల్లా, కపర్‌ఫోరా. ఒక బడిలో, రాత్రిపూట, రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. దీనిమీద దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు.

2014 నవంబరు 8. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర, మూతపడిన ఒక ప్రైవేటు ఆస్పత్రి భవనంలో, కొద్ది గంటల్లో 83 మందికి ఒకే సర్జను ఆపరేషన్లు చేశాడు. 13 మంది తల్లులు చనిపోయారు. ఆ సర్జనుకు అదే ఏడాది మొదట్లో, ఇన్ని వేల ఆపరేషన్లు చేశాడని ప్రభుత్వం సన్మానం చేసి ఉంది. వేగానికి శాలువా కప్పినవాళ్లే, శవాలు లేచాక వేగాన్ని తప్పు పట్టారు.

2016 సెప్టెంబరు 14. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఉదయ్ లలిత్ ధర్మాసనం. 2010 నుంచి 2013 మధ్య దేశంలో ఈ ఆపరేషన్ల వల్ల 363 మంది చనిపోయారన్న ప్రభుత్వ లెక్క ఆ తీర్పులో ఉంది. మూడేళ్లలోగా శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేసే పద్ధతిని మాన్పించాలని, దాని బదులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను బలపరచాలని కోర్టు చెప్పింది. ఆపరేషన్‌కు ముందు చెప్పాల్సిన విషయాలు స్త్రీకి తెలిసిన భాషలో చెప్పాలని, చెప్పాక ఆమె ఆలోచించుకోడానికి సమయం ఇవ్వాలని చెప్పింది. టార్గెట్లు పెట్టి సిబ్బంది మీద ఒత్తిడి తేవద్దని చెప్పింది. అనుమతి ఉన్న డాక్టర్ల పేర్లు, నాణ్యతా కమిటీల నివేదికలు, మరణాల విచారణ వివరాలు ప్రజలకు కనబడేలా పెట్టాలని చెప్పింది. అంతకు ముందు 2005లో రమాకాంత్ రాయ్ కేసులోనూ ఇదే కోర్టు ఇలాంటి ఆదేశాలే ఇచ్చింది.

మూడేళ్ల గడువు 2019 సెప్టెంబరులో ముగిసింది. ఇబ్రహీంపట్నం జరిగింది 2022 ఆగస్టులో. దాన్ని శిబిరం అనండి, నిర్ణీత దినం అనండి, పేరు మీ ఇష్టం. ఒక ఆస్పత్రిలో ఒక రోజున ఒక బల్ల మీదికి 34 మందిని వరసగా పంపడాన్ని తెలుగులో శిబిరమనే అంటారు.

సంతకం ఉంది, సమ్మతి ఎక్కడ?

ఇలాంటి ఘటనల్లో ప్రభుత్వం చూపించే మొదటి కాగితం సమ్మతిపత్రం. సంతకం పెట్టింది కదా, ఇష్టపడే వచ్చింది కదా అంటారు. నిజమే, ఇష్టపడే వచ్చింది. కాని ఏ ఇష్టం? తాత్కాలిక పద్ధతులు ఏమున్నాయో, వాటి మంచీ చెడూ ఏమిటో ఆమెకు చెప్పి, ఆమె ఎంచుకుంటే అది ఇష్టం. ఉన్న దారి ఒకటే అయినప్పుడు ఆ దారిన నడవడాన్ని ఇష్టమంటారా?

ఈ విషయంలో మన ప్రాంతపు చరిత్ర మనమే గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ప్రభుత్వాలు గుర్తుంచుకోవు. 1985లో అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ను ప్రయోగాత్మకంగా ఇస్తున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకు సరిగా చెప్పలేదని హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. మన ముందు తరం ఆడవాళ్లు అక్కడికి వెళ్లి అడిగారు. అడిగి ఊరుకోకుండా, ఢిల్లీలోని సహేలీ తదితర సంస్థలతో కలిసి 1986లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. పద్నాలుగేళ్లు పట్టింది. ఆ ఇంజెక్షన్ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో అందరికీ ఇవ్వబోమని 2000లో ప్రభుత్వం చెప్పేదాకా పట్టు విడవలేదు.

మళ్లీ 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పేరుతో ప్రయోగాత్మక కార్యక్రమం నడిచింది. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఎక్కువమంది హాస్టళ్లలో ఉండే గిరిజన, దళిత, పేద పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న సంగతి బయటికొచ్చి, 2010 ఏప్రిల్లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు. ఆ టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. మన ప్రశ్న సమ్మతి గురించి. విచారణ కమిటీ చూసిన 9,543 సమ్మతిపత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. 1,948 వేలిముద్రలు. తల్లికీ తండ్రికీ తెలియకుండా వార్డెను సంతకంతో బిడ్డకు సూది వేస్తే, దాన్ని సమ్మతి అని ఫైల్లో పెట్టుకోవడం ఫోర్జరీకి తక్కువేమీ కాదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

పటాన్‌చెరు, ఖమ్మం, ఇబ్రహీంపట్నం. మూడుచోట్లా ఆడవాళ్లే, మూడుచోట్లా పేదవాళ్లే, మూడుచోట్లా కాగితాలు పక్కాగా ఉన్నాయి.

దయ వద్దు

ఎక్స్‌గ్రేషియా అన్న మాటకు అర్థం దయతో ఇచ్చింది అని. హక్కుగా రావాల్సింది కాదు, మేం జాలిపడి ఇస్తున్నాం అని చెప్పడానికి వాడే మాట. మన దేశంలో ఈ ఆపరేషన్ వల్ల మరణిస్తే ఇవ్వాల్సిన పరిహారానికి ఒక పథకం ఉంది. సుప్రీంకోర్టు 2016లో ఆ మొత్తాన్ని పెంచమంది కూడా. మరణానికే కాదు, ఆపరేషన్ విఫలమై మళ్లీ గర్భం వచ్చినా, తర్వాత ఇబ్బందులు తలెత్తినా పరిహారం ఉంది. ఈ సంగతి ఎంతమంది ఆడవాళ్లకు తెలుసు? ఆపరేషన్ గదికి వెళ్లేముందు ఎంతమందికి చెబుతున్నారు? ఆపరేషన్ అయిన ఏడాదికి మళ్లీ గర్భం నిలిస్తే, మొగుడి అనుమానపు చూపులు భరిస్తూ, తన తప్పేమో అనుకుంటూ కూర్చునే ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు రావాల్సిన డబ్బు ఎగ్గొట్టడానికి ఎవరూ లంచం తినక్కర్లేదు. చెప్పకుండా ఉంటే చాలు. చెప్పకపోవడం కూడా మోసమే.

ఇక శిక్షల సంగతి. సూపరింటెండెంటును, సర్జనును, నర్సులను, సూపర్‌వైజర్లను తప్పించాలని నేననడం లేదు. గొట్టం నానబెట్టకుండా వాడినవాళ్లు ఎవరైనా జవాబు చెప్పాలి. కాని పదమూడు మందీ ఆస్పత్రికీ జిల్లాకూ సంబంధించినవాళ్లే. అంకెలు అడిగినవాళ్ల దాకా, ఖాళీలు నింపనివాళ్ల దాకా, సుప్రీంకోర్టు గడువు దాటినా పాత పద్ధతిని ఆపనివాళ్ల దాకా చర్య ఎందుకు వెళ్లలేదు? బదిలీ ఒక శిక్షా? ఇక్కడ పనికిరాని అధికారి ఇంకో జిల్లా ఆడవాళ్లకు పనికొస్తాడా?

ఆ ఏడాది తిరక్క ముందే, 2023 జనవరిలో హైదరాబాదు మలక్‌పేట ఏరియా ఆస్పత్రిలో సిజేరియన్ కాన్పుల తర్వాత ఇద్దరు బాలింతలు చనిపోయారు. మళ్లీ ఇన్ఫెక్షన్ మాటే. మళ్లీ విచారణ. ఇబ్రహీంపట్నం నుంచి నేర్చుకున్న పాఠం అయిదు నెలలు కూడా నిలవలేదు.

‘ప్రైవేటుకు పోవచ్చు కదా’

ఈ మాట మధ్యతరగతి ఇళ్లలో వింటూనే ఉంటాం. ప్రభుత్వాస్పత్రి కాబట్టి అలా జరిగింది, డబ్బు పెట్టి ప్రైవేటుకు పోతే జరగదు అని. ఇబ్రహీంపట్నం చావులను ప్రైవేటు ఆస్పత్రుల ప్రకటనగా మార్చే ఈ మాటను మనం ఒప్పుకోకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆస్పత్రి కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు. వందమంది గర్భిణుల్లో ఎనభై మందికి పైగా సహజంగా కనలేని స్థితిలో ఉన్నారా? ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో తెలంగాణ పల్లెల్లో నడుం నొప్పి, తెల్లబట్ట అని వెళ్లిన ముప్పయ్యేళ్ల ఆడవాళ్లకు గర్భసంచులు తీసి పంపారు. ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు ఆస్పత్రులు గర్భసంచులు కోసి అమ్ముకున్న రోజులవి. గొడవయ్యాక ఆ ఆపరేషన్ను ప్రైవేటు ఆస్పత్రుల జాబితా నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. ఈలోగా ఎన్ని వేలమంది కూలి ఆడవాళ్లు వయసు కంటే ముందే ముసలివాళ్లయిపోయారు!

ప్రభుత్వాస్పత్రిలో లెక్క కోసం కోస్తారు, ప్రైవేటులో లాభం కోసం కోస్తారు. ప్రభుత్వాస్పత్రిని మాత్రం మనం నిలదీయగలం. అది మన పన్నులతో నడుస్తుంది. సమాచార హక్కు చట్టం అక్కడ పనిచేస్తుంది. అందుకే ప్రభుత్వాస్పత్రిని వదులుకోవద్దు, బాగు చేయించుకోవాలి. జల్‌పల్లి, పహాడీషరీఫ్ బస్తీల్లో రోజుకూలీకి వెళ్లే ఆడమనిషికి ఇంకో గతి లేదు. ఆ గతి సవ్యంగా ఉండాలనేదే మన కొట్లాట.

మగవాళ్లెక్కడ?

ఇంతకీ బల్ల మీద ఎప్పుడూ మనమే ఎందుకున్నాం? ఎమర్జెన్సీ రోజుల్లో, 1976-77లో, దేశంలో జరిగిన దాదాపు 82 లక్షల ఆపరేషన్లలో 62 లక్షల దాకా మగవాళ్లకు చేసినవి. బలవంతంగా చేశారు, అది అన్యాయం. మగవాళ్లకు కోపమొచ్చింది, ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి పోలేదు. బరువంతా ఆడదాని మీదికి మార్చేశారు. ఆడవాళ్ల కోపంతో ప్రభుత్వాలు కూలవని వాళ్ల ధైర్యం.

ఫలితం అంకెల్లో ఉంది. అదే సర్వేలో తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో అరవై శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు డెబ్బై శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ తెలంగాణలో రెండు శాతం, ఆంధ్రలో అర శాతం కూడా లేదు. వేసెక్టమీకి పొట్ట తెరవక్కర్లేదు, పూర్తి మత్తు అక్కర్లేదు, ప్రమాదం చాలా తక్కువ. ఇవన్నీ డాక్టర్లకు తెలుసు. బలహీనపడతాడు, బరువులెత్తలేడు అని ఇళ్లలో చెప్పుకునే అబద్ధాన్ని తుడిచెయ్యడానికి ప్రభుత్వం ఎన్ని గోడలు రాయించింది? బాలింత నీరసం తీరని ఆడది ఆపరేషన్ అయిన మూడోనాడు బిందె ఎత్తుతుంటే ఆమె బలహీనత గురించి ఎవరూ బెంగపడరు.

ఇప్పుడు ఇంకో వింత చూస్తున్నాం. తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.8కి తగ్గారు. నిన్నటిదాకా ఇద్దరు చాలన్న నోళ్లే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నాయి. ఇద్దరికి మించితే పంచాయతీకి పోటీ చెయ్యకూడదని 1990లలో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో రద్దు చేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే, దానివల్ల నష్టపోయిన ఆడవాళ్లు ఎందరో. కాని పోయిన కారణం చూడండి. ఆడవాళ్ల హక్కు అని ఎవరూ అనలేదు, జనాభా తగ్గుతోందన్నారు. అప్పుడు కనొద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. రెండుసార్లూ మనల్ని అడగలేదు. మన గర్భసంచి ప్రభుత్వం వారి కుళాయి, కావాలంటే తిప్పుతారు, వద్దంటే కట్టేస్తారు.

మనం చెయ్యాల్సింది

కోపం ఒక్కటే సరిపోదు. మన సంఘాలు, మన స్వచ్ఛంద సంస్థలు ఈ పనులు చెయ్యొచ్చు, చెయ్యాలి.

ఒకటి: మన మండలంలో ఆపరేషన్ల రోజు ఎప్పుడో ముందే తెలుసుకుని, ఇద్దరు కార్యకర్తలు ఆస్పత్రి దగ్గర ఉండాలి. ఎంతమంది పేర్లు రాశారు, ఎన్ని లాపరోస్కోపులున్నాయి అని అడగాలి. నియమానికి మించితే అక్కడే ఆపమని రాతపూర్వకంగా ఇవ్వాలి.

రెండు: జిల్లా నాణ్యతా కమిటీ సమావేశాల వివరాలు, అనుమతి ఉన్న సర్జన్ల జాబితా, మరణాలు, విఫలమైన ఆపరేషన్లు, చెల్లించిన పరిహారం గురించి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. ఏటా పెట్టాలి. ఇబ్రహీంపట్నం విచారణలో తేలిందంతా తెలుగులో, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉండాలని అడగాలి.

మూడు: ప్రతి సంఘం సమావేశంలో గర్భనిరోధక పద్ధతులన్నిటి గురించీ, పరిహారం పథకం గురించీ మన మాటల్లో చెప్పుకోవాలి. వేసెక్టమీ గురించి ఆడవాళ్ల సమావేశంలో కాదు, మగవాళ్ల సమావేశంలో చెప్పాలి.

నాలుగు: ఏ.ఎన్.ఎం.లనూ ఆశాలనూ శత్రువులుగా చూడొద్దు. కేసుల కోసం వాళ్లను వేధించే సమీక్షా సమావేశాల గురించి వాళ్లు నోరు విప్పేలా వెనక నిలబడాలి. తలకింత అని ఇచ్చే పారితోషికం పోయి, నెలజీతం రావాలన్న వాళ్ల కోరిక మన కోరిక కూడా.

అయిదు: ఏ ఆస్పత్రిలోనైనా వారంలో అన్ని రోజులూ, రోజుకు నలుగురైదుగురికి తీరిగ్గా ఆపరేషన్ చేసే ఏర్పాటు కావాలి. దానికి గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, నర్సులు, సరిపడా పరికరాలు కావాలి. శిబిరాలు మానమంటే ఆపరేషన్లు మానమని కాదు. కావాలనుకున్న స్త్రీకి కావాలనుకున్న రోజున, ప్రాణభయం లేకుండా దొరకాలి.

ఆ నలుగురు తల్లుల పిల్లలకు గురుకులాల్లో సీట్లిస్తామన్నారు. ఆ పిల్లలు రేపు చదువుకుని, మా అమ్మ ఎందుకు చనిపోయింది అని అడుగుతారు. వాళ్లకు చూపించడానికి ప్రభుత్వం దగ్గర బదిలీ ఉత్తర్వులున్నాయి. మన దగ్గర ఏముంటుంది? వచ్చే ఆపరేషన్ల రోజున మన ఊరి ఆస్పత్రి గుమ్మంలో నిలబడి ‘ఎన్ని గొట్టాలున్నాయి?’ అని అడిగిన ఇద్దరు ఆడవాళ్లైనా ఉండాలి.